సీటు కాదు, ఒక్క సెమిస్టర్ అడుగుతున్నాం

మా అక్క కూతురు తిరుపతిలో పీజీ చదువుతోంది. పాకాల పక్కన పల్లె. మా బావకు నాలుగెకరాల తోతాపురి తోట తప్ప వేరే ఆధారం లేదు. ఆ పిల్ల క్లాసులో సారు చెప్పిన మాట పట్టుకొని, తనే ఉత్తరాలు రాసుకొని, తనే తిరిగి, ఒక సెమిస్టర్ హైదరాబాదులో చదవడానికి అనుమతి తెచ్చుకుంది. సాయంత్రం చిత్తూరులో వెంకటాద్రి ఎక్కితే తెల్లారేసరికి కాచిగూడ. అక్కడ ప్రైవేటు హాస్టల్లో నెలకు ఏడు వేలు. అడ్వాన్సు వేరే. కాయ అమ్మిన డబ్బు అంతా అక్కడికే పోయింది. అయినా బావ నోరెత్తి ఒక్క మాట అనలేదు.

నాలుగు పేపర్లు చదివింది. నాలుగూ పాసైంది. మంచి లైబ్రరీ చూసింది, పేరున్న అధ్యాపకుల పాఠాలు విన్నది. తిరిగి వచ్చి మార్కుల కాగితం ఇస్తే, ఇక్కడి ఆఫీసులో రెండు పేపర్లకు పెన్నుతో సున్నా చుట్టారు. "ఈ పేర్లు మన సిలబస్‌లో లేవు. జూనియర్లతో కూర్చొని మళ్లీ రాసుకో" అన్నారు.

"ఆడ పాసయితి మామా, ఈడ ఫెయిలయితి" అంది. నవ్వుతానే అంది గానీ, కండ్లలో నవ్వు లేదు.

ఏ విశ్వవిద్యాలయం, ఏ ఆఫీసు అని పేరు పెట్టి రచ్చ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ గుమాస్తా మీద నాకు కోపం కూడా లేదు. ఆయన ముందున్న కాగితంలో ఏముందో అదే చెప్పాడు. ఈరోజు ఈ పిల్లకు జరిగింది, రేపు ఇంకో ఊళ్లో ఇంకో పిల్లకు జరుగుతుంది. కాబట్టి ఇది మా ఇంటి గొడవ కాదు. సీమలో డిగ్రీ, పీజీ చదివే ప్రతి విద్యార్థి సమస్య. వాళ్లను కని, ఫీజులు కట్టే ప్రతి ఉద్యోగి, ప్రతి రైతు సమస్య.

ఊరు దాటి చదవడం మనకు కొత్తా?

చదువు కోసం ఊరు దాటడం మన చిత్తూరోళ్లకు తాతల నాటి అలవాటు. చిత్తూరు పక్కన కట్టమంచిలో 1880లో పుట్టిన రామలింగారెడ్డి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి పోయాడు. అక్కడి నుంచి కేంబ్రిడ్జికి పోయాడు. తిరిగి వచ్చి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ చాన్సలర్ అయ్యాడు. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌ది తిరుత్తణి. 1960 దాకా అది మన చిత్తూరు జిల్లాలోనిదే. ఆయన చిన్నప్పుడు చదివింది తిరుపతి మిషన్ బడిలో. తర్వాత వేలూరు, ఆ తర్వాత మద్రాసు. ఒక్క ఊళ్లో పుట్టి, ఒక్క ఊళ్లో చదివి, అక్కడే ఆగిపోయి ఉంటే వీళ్లు ఇంతవాళ్లు అయ్యేవాళ్లా?

అయితే ఒక తేడా ఉంది. ఆనాడు మనకు వేరే దారి లేక పోయాం. సీమలో విశ్వవిద్యాలయమే లేదు. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో పెద్దలు చదువు మాట కూడా రాసుకున్నారు. వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం ఉండాలన్నారు. ఆ మాట ఎంతవరకు నిలబడిందో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు. చివరికి 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. ఇప్పుడు మనం గతిలేక బయటికి పోవాల్సిన పని లేదు. పోయి, నేర్చుకొని, మన ఊరికి తిరిగి వచ్చే చదువు అడుగుతున్నాం.

ఎవరి సీటు? ఎవరి నోటి ముద్ద?

చదువు మాట వస్తే మన రాష్ట్రంలో మొదటి ప్రశ్న ఒక్కటే. నువ్వు లోకలా, నాన్‌లోకలా? 32వ రాజ్యాంగ సవరణతో 371-డి అధికరణ వచ్చింది. దాని కింద 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆంధ్ర, ఉస్మానియా, వేంకటేశ్వర అని మూడు ప్రాంతాలు చేశారు. సీమ నాలుగు జిల్లాలతో పాటు నెల్లూరు మన వైపు వచ్చింది. 85 శాతం సీట్లు స్థానికులకు, మిగిలిన 15 శాతం ఓపెన్. రాష్ట్రస్థాయి సంస్థల్లో ఆ 85 శాతాన్ని 42, 36, 22 నిష్పత్తిలో పంచారు. అప్పట్లో ఆ 22 మన వాటా.

ఈ ఉత్తర్వును తక్కువ చేసి మాట్లాడేవాడిని కాదు నేను. వెనకబడిన ప్రాంతం బిడ్డకు అది గొడుగు. గొడుగు లేకపోతే మన పిల్లల సీట్లు ఎవరెవరు ఎగరేసుకొని పోయేవాళ్లో మనకు తెలుసు. కానీ అదే గొడుగు కింద ఇంకో మాట కూడా ఉంది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు విభజన చట్టం 95వ సెక్షన్ కింద ఉమ్మడి ప్రవేశాలు పదేళ్లే అన్నారు. 2024 జూన్ 2తో ఆ పదేళ్లు అయిపోయాయి. అరవై ఏళ్లు మనందరి చెమటతో, పన్నులతో పెరిగిన నగరంలో చదువు తలుపు మన బిడ్డకు మెల్లగా మూసుకుంటోంది. వాళ్ల రాష్ట్రం, వాళ్ల సీట్లు, వాళ్ల పిల్లలకు ఇచ్చుకుంటారు. అందులో తప్పు పట్టలేం. మనమూ రేపు అదే చేస్తాం.

ఇక్కడే మనం తెలివిగా ఆలోచించాలి. ఒక సెమిస్టర్ అతిథిగా వచ్చే విద్యార్థి ఎవరి సీటూ తీసుకోడు. పట్టా అక్కడ అడగడు. ర్యాంకులో పోటీ పడడు. నాలుగైదు నెలలు క్లాసులో వెనక బెంచీలో కూర్చొని, పరీక్ష రాసి, తన ఊరికి తాను వస్తాడు. లోకల్, నాన్‌లోకల్ తగాదా అంతా డిగ్రీ సీటు దగ్గర. అతిథికి ఆ తగాదా ఎక్కడిది? పెళ్లికి వచ్చిన చుట్టం ఆస్తిలో భాగం అడుగుతాడా? రెండు రాష్ట్రాలూ కొట్లాడకుండా ఇచ్చిపుచ్చుకోగలిగిన వాటిలో ఇది ఒకటి. పాలకులకు ఇన్నాళ్లూ ఈ ఊహే రాలేదు.

కాగితం మీద హక్కు ఉంది

చట్టం లేదని ఎవరూ తప్పించుకోలేరు. 2021 జూలైలో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. పేరు పెద్దదే గానీ విషయం సులువు. బ్యాంకు పాసుబుక్కులో డబ్బు వేసుకున్నట్టు, విద్యార్థి తాను చదివిన క్రెడిట్లను తన ఖాతాలో వేసుకుంటాడు. ఒక కాలేజీలో చదివినవి ఇంకో కాలేజీలో లెక్కకు వస్తాయి. ఏడేళ్ల దాకా చెల్లుతాయి. పట్టా ఇచ్చే సంస్థలో కనీసం సగం క్రెడిట్లు చదివి ఉంటే చాలు.

మన ప్రభుత్వం కూడా 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. అందులో ఒక పూర్తి సెమిస్టర్ కాలేజీ బయటే. అంటే విద్యార్థిని ఒక సెమిస్టర్ బయటికి పంపడం అసాధ్యం కాదని ప్రభుత్వమే ఒప్పుకుంది. పని నేర్చుకోవడానికి కంపెనీకి పంపగలిగినవాళ్లు చదువు నేర్చుకోవడానికి ఇంకో విశ్వవిద్యాలయానికి ఎందుకు పంపలేరు?

మరి మా పిల్ల ఎందుకు మళ్లీ రాయాల్సి వచ్చింది? బ్యాంకు ఖాతా ఉంది గానీ, ఆ చెక్కును మార్చుకునే కౌంటర్ లేదు. అక్కడ చదివిన పేపర్ ఇక్కడ ఏ పేపర్‌కు సమానమో బయలుదేరే ముందు ఎవరూ రాసి సంతకం పెట్టలేదు. ఆమె వెళ్లింది ఒకరి నోటిమాట మీద. తిరిగి వచ్చేసరికి ఆ మాట ఇచ్చిన కుర్చీలో ఇంకొకరు ఉన్నారు.

ఉద్యోగికి డిప్యుటేషన్, విద్యార్థికి ఏది?

ఈ పత్రిక చదివే ఉద్యోగ మిత్రులకు ఒక మాట. మిమ్మల్ని చిత్తూరు నుంచి ఇంకో జిల్లాకు డిప్యుటేషన్ మీద పంపితే ఏమవుతుంది? ఆర్డరు చేతికి వస్తుంది. మాతృశాఖలో మీ లీన్ మీకే ఉంటుంది. సీనియారిటీ పోదు. జీతం ఆగదు. ఎస్సార్‌లో ఎంట్రీ పడుతుంది. తిరిగి వచ్చాక "నువ్వు అక్కడ చేసిన సర్వీసు మాది కాదు, మళ్లీ చెయ్యి" అని ఎవరైనా అంటే సంఘం ఊరుకుంటుందా? మరుసటి రోజు భోజన విరామంలో ఆఫీసు గేటు దగ్గర ధర్నా ఉంటుంది.

మీ బిడ్డలకు ఆ పాటి రక్షణ కూడా లేదు. ఊరు మారితే హాజరు ఎవరు లెక్కేస్తారు? హాజరు లేదని స్కాలర్‌షిప్ ఆగితే ఎవరిని అడగాలి? ఇక్కడి ఫీజు కట్టి, అక్కడి ఫీజు కూడా కట్టాలా? ఇక్కడి హాస్టల్లో మంచం ఖాళీ చేస్తే తిరిగి వచ్చాక దొరుకుతుందా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేక ఎంతమంది పేద పిల్లలు ఆ ఆలోచనే మానుకున్నారో ఎవరికి లెక్క? డబ్బున్న ఇంటి పిల్ల పోతుంది. మా బావలాంటివాళ్లు తోట కాయ అమ్మి పంపుతారు. కూలి చేసే ఇంటి పిల్ల నోరు తెరిచి అడగనే అడగదు.

యూరప్‌వాళ్లు ఈ చిక్కును ఎలా విప్పుకున్నారో చూద్దాం. 1987లో ఎరాస్మస్ అనే పథకం పెట్టారు. మొదటి ఏడాది 11 దేశాలు, 3,244 మంది విద్యార్థులు. ఈనాటికి అది కోటి మందిని దాటింది. వాళ్ల కిటుకు రెండు ముక్కల్లో ఉంది. విద్యార్థి బయలుదేరక ముందే ఒక ఒప్పంద పత్రం మీద మూడు సంతకాలు పడతాయి. విద్యార్థిది ఒకటి, పంపే కాలేజీది ఒకటి, పిలిచే కాలేజీది ఒకటి. ఏయే పేపర్లు, ఎన్ని క్రెడిట్లు, ఇక్కడ వేటికి సమానం అన్నీ అందులోనే. ఇది మొదటిది. ఆతిథ్యం ఇచ్చే చోట ఫీజు కట్టనక్కరలేదు, పైగా ఖర్చులకు గ్రాంటు ఇస్తారు. ఇది రెండోది. రెండు ప్రపంచ యుద్ధాల్లో ఒకరినొకరు చంపుకున్న దేశాలు పిల్లల చదువు దగ్గర మూడు సంతకాలు పెట్టుకోగలిగాయి. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాలు పెట్టుకోలేవా? తిరుపతి, వేలూరు పెట్టుకోలేవా? వేలూరు మన చిత్తూరుకు గంట ప్రయాణం. వైద్యానికి రోజూ పోతున్నాం, చదువుకు పోలేమా?

మంచాలకు కొదవా మన తిరుపతిలో?

పోవడం గురించి ఇంతసేపు మాట్లాడాం. రావడం సంగతి కూడా మాట్లాడాలి. ఇచ్చిపుచ్చుకోవడం అంటే రెండు చేతులూ కలవాలి.

తిరుపతి అతిథుల ఊరు. రద్దీ రోజుల్లో డెబ్బై ఎనభై వేల మంది కొండెక్కి దిగుతారు. రైల్వేస్టేషన్ దగ్గర విష్ణునివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం, ఊరినిండా సత్రాలు. 1985 నుంచి కొండ మీద నిత్యాన్నదానం ఆగకుండా నడుస్తోంది. ఒక రాత్రి ఉండిపోయే భక్తుడికి ఇంత చేసే ఊళ్లో, నాలుగు నెలలు ఉండి చదువుకునే పిల్లకు ఒక మంచం, ఒక బల్ల, ఒక దీపం లేకుండా పోతే అది మనకు మర్యాదా? బయటి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు అద్దె గదుల వేటలో పడతారు. సీజన్‌లో ఆ గదులు యాత్రికుల రేటుకు పోతాయి. ఇది తిరుపతిలో ఇల్లు వెతికిన ప్రతి ఒక్కరికీ తెలిసిన బాధే.

వచ్చేవాళ్లకు మనం చూపించడానికి ఏముంది అని కొందరు చిన్నబుచ్చుకుంటారు. ఆ చిన్నతనం మనకు వద్దు. తిరుపతి, చిత్తూరు నడుమ గాదంకిలో ఎంఎస్‌టీ రాడార్ ఉంది. పై వాతావరణం చదివే భౌతికశాస్త్రం విద్యార్థి దేశంలో ఎక్కడున్నా ఇక్కడికి రావాలి. శేషాచలం 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ అయింది. ఎర్రచందనం చెట్టును పుస్తకంలో బొమ్మగా చూసే వృక్షశాస్త్రం పిల్లలు అడవిలో దాన్ని తాకి చూడాలి. వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, తాళపత్రాలు ఉన్నాయి. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయానికి దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తూనే ఉన్నారు. శ్రీకాళహస్తిలో కలంకారీ కలం పట్టుకున్న చేతులు ఉన్నాయి. ఎకనామిక్స్ చదివే హైదరాబాదు పిల్లవాడు ఒక సీజన్ దామలచెరువు మామిడి మండీలో, మదనపల్లె టమోటా మార్కెట్లో నిలబడితే, రైతు ఎందుకు కాయను రోడ్డు మీద పారబోస్తాడో లెక్కలతో సహా అర్థమవుతుంది. కుప్పం విశ్వవిద్యాలయం పుట్టిందే పొరుగు రాష్ట్రాల సహకారంతో, ద్రావిడ భాషలన్నీ ఒక చోట చదవాలని. తమిళం, కన్నడం, మలయాళం పిల్లలు అక్కడికి సెమిస్టర్‌కు రావడానికి అంతకంటే మంచి చోటు ఏముంది?

మన సీమ గురించి బయటివాళ్లకు తెలిసింది సినిమాల్లో సుమోలు, బాంబులు. నాలుగు నెలలు మన సంగటి తిని, మన క్లాసులో కూర్చొని పోయిన పిల్ల ఇక ఆ సినిమా నమ్మదు. మనం ఎన్ని వ్యాసాలు రాసినా చేయలేని పని అది.

ఏర్పేడు గేటు కూడా తెరవండి

దూరపు నగరాల దాకా ఎందుకు? తిరుపతికి పక్కనే ఏర్పేడు మండలంలో ఐఐటీ, ఐసర్ ఉన్నాయి. మన నేల మీద కట్టారు. సంతోషమే. కానీ పాకాల, పుంగనూరు, పలమనేరు డిగ్రీ కాలేజీల్లో చదివే బిడ్డకు ఆ గేటు లోపల ఏముందో తెలియదు. ఎంట్రెన్సు రాసి సీటు తెచ్చుకోలేని ప్రతిభ మన పల్లెల్లో కొల్లలుగా ఉంది. బీఎస్సీ చివరి ఏడాదిలో ఒక్క సెమిస్టర్ అక్కడి ల్యాబుల్లో కూర్చోబెడితే ఆ సంస్థలకు పోయేది ఏముంది? ఏటా జిల్లాకు యాభై మందితో మొదలుపెట్టమనండి. మన ఊళ్లోనే మన బిడ్డ అతిథిగా పోవడానికి కూడా ఒప్పందం కావాల్సి రావడం వింతే. వింత అయినా సరే, ఆ ఒప్పందమే చేసుకోమని అడుగుదాం.

"పోయినోళ్లు తిరిగి రారు"

ఈ మాట మన ఉద్యమంలోనే కొందరు పెద్దలు అంటారు. "పిల్లల్ని బయటికి పంపమంటావా? మన ఊరు మనం బాగు చేసుకోకుండా ఇంకొకరి గడప తొక్కమంటావా?" అని. వాళ్ల బాధ నాకు తెలుసు. బెంగుళూరుకు, చెన్నైకు పోయిన మన యువకులు పండక్కి చుట్టాల్లా వచ్చి పోతున్నారు. పల్లెల్లో ముసలోళ్లు మిగిలారు.

కానీ వలస వేరు, సెమిస్టర్ వేరు. వలస పోయినోడు అక్కడ బతుకు వెతుక్కుంటాడు. సెమిస్టర్‌కు పోయినోడి పేరు ఇక్కడి హాజరు పట్టీలోనే ఉంటుంది, పట్టా ఇక్కడే తీసుకోవాలి. అంటే తిరిగి రావడం ఆ పథకంలోనే ఉంది. అక్కడ చూసిన లైబ్రరీ ఇక్కడెందుకు లేదని, అక్కడ రాత్రి పది దాకా తెరిచే ల్యాబు ఇక్కడ సాయంత్రానికే ఎందుకు మూస్తారని వాడు వచ్చి అడుగుతాడు. అలా అడిగేవాళ్లు పదిమంది తయారైతే మన విశ్వవిద్యాలయాల్లో ఖాళీగా ఉన్న కుర్చీల సంగతి కూడా కదులుతుంది. మా పిల్ల ఇప్పుడు అదే అడుగుతోంది.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా పెద్ద మాట. రెండేళ్లు హైదరాబాదు పంపండి అంటే మన ఇళ్లలో తండ్రులు ఒప్పుకోరు. "నాలుగు నెలలే నాయనా, ఉగాదికి ఇంట్లో ఉంటా" అంటే ఒప్పుకునేవాళ్లు ఉన్నారు. మా బావ ఆ మాటకే ఒప్పుకున్నాడు. ఆ నాలుగు నెలలు ఆ పిల్ల ఒంటరిగా రైలెక్కింది, ఊరుకాని ఊళ్లో బ్యాంకుకు పోయింది, తన మాట తాను మాట్లాడుకుంది. తిరిగి వచ్చాక ఆఫీసు కౌంటర్ దగ్గర తల వంచుకొని రాలేదు. "ఏ రూలు ప్రకారం కాదంటున్నారో రాసివ్వండి సార్" అని అడిగింది. ఆ ఒక్క మాటకే ఆ ఏడు వేలు చెల్లాయనుకున్నాడు మా బావ.

ఏం అడగాలి?

విద్యార్థి సంఘాలు, అధ్యాపక సంఘాలు, ఉద్యోగ సంఘాలు కలిసి ఈ అయిదు అడగాలి.

ఒకటి, వేంకటేశ్వర, పద్మావతి, ద్రావిడ విశ్వవిద్యాలయాలు హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు విశ్వవిద్యాలయాలతో సెమిస్టర్ ఒప్పందాలు చేసుకోవాలి. ఏ పేపర్ దేనికి సమానమో ముందే అచ్చువేయాలి. మూడు సంతకాలు లేనిదే ఏ విద్యార్థినీ రైలెక్కించకూడదు. మూడు సంతకాలు పడ్డాక ఏ ఆఫీసూ కాదనకూడదు.

రెండు, ఆ సెమిస్టర్‌కు ఫీజు ఒక్కచోటే కట్టాలి. అక్కడి హాజరును ఇక్కడి హాజరుగా లెక్కేసి స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపకుండా ఇవ్వాలి.

మూడు, తిరుపతిలో ప్రతి విశ్వవిద్యాలయ హాస్టల్లో అతిథి విద్యార్థులకు కొన్ని మంచాలు కేటాయించాలి. డిగ్రీ కాలేజీలు నడుపుతున్న దేవస్థానం కూడా ఒక వసతి బ్లాకు ఇందుకు ఇవ్వాలి. పోయినవాళ్ల మంచం వచ్చేవాళ్లకు ఇస్తే కొత్త భవనం కూడా అక్కరలేదు.

నాలుగు, ఏర్పేడు సంస్థలు చిత్తూరు, తిరుపతి ప్రాంత డిగ్రీ విద్యార్థులకు ఏటా కొన్ని సెమిస్టర్ స్థానాలు తెరవాలి.

అయిదు, ఇప్పటికే పోయి వచ్చి, పాసైన పేపర్లు మళ్లీ రాస్తున్న పిల్లల కేసులన్నీ ఒక కమిటీ వేసి తేల్చాలి.

ఇందులో కోట్ల బడ్జెట్ అడిగింది ఏమీ లేదు. కావాల్సింది కాగితం, సంతకం, మంచం. ఇవి కూడా ఇవ్వలేని పాలకులు విశ్వనగరాలు, జ్ఞాన రాజధానులు అంటూ మనకు కథలు చెప్పకూడదు.

మా పిల్ల ఆ రెండు పేపర్లూ జూనియర్లతో కూర్చొని మళ్లీ రాసింది. పాసవుతుంది, సందేహం లేదు. కానీ ఆమె తర్వాత పోవాలనుకున్న ఇద్దరు స్నేహితురాళ్లు ఆగిపోయారు. "మనకెందుకులే ఈ అగచాట్లు" అన్నారట. ఒక గుమాస్తా పెన్నుతో చుట్టిన సున్నాలు రెండే, ఆగిపోయిన చదువులు మాత్రం రెండుతో ఆగవు. మీ ఇంట్లో, మీ వీధిలో, మీ కాలేజీలో ఇలా పోయి వచ్చినవాళ్లు, పోలేక ఆగినవాళ్లు ఉంటే వాళ్లను కదిలించండి. వాళ్ల మాట వినండి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు రిజిస్ట్రార్ల ముందు మన అర్జీలు ఉండాలి.